తలుపు లేని తొంభై నాలుగు

పోయినవారం మనం వదినను మంచి ఊపులో ఉన్న ఆఫీసు మధ్యలో నిలబెట్టి వచ్చేశాం. ఆసుపత్రి కొత్త భవనంలోని లిఫ్టులకు సాఫ్ట్‌వేర్ రాసే పని ఈ చిన్న ఆఫీసుకు దక్కాలంటే ఆసుపత్రివాళ్లు ఒక్కటే షరతు పెట్టారు. కోడ్‌లో నూటికి తొంభై వరుసలైనా పరీక్షల్లో నడిచి ఉండాలి. నడిచాయని మీ నోటితో మీరు చెబితే కుదరదు, ట్రాకింగ్ సైటు చెప్పాలి. నెలల తరబడి డెబ్బై దగ్గర చతికిలబడి, బతిమాలినా బామాలినా లేవని ఆ అంకె, ఆవేళ పొద్దున ఆఫీసు తెరిచేసరికి తొంభై నాలుగై కూర్చుంది. మరిది కుర్చీ ఎక్కి గంతులేశాడు. అత్తగారు ఫోన్ అందుకుని బంధువులందరినీ వరసపెట్టి నిద్రలేపారు. వదిన మాత్రం ఎగరలేదు. "ఒకసారి గిల్లి చూస్తాను" అంది. అక్కడ ఆపాం.

ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

ఆఫీసు ఒక సోఫాల దుకాణం పైన, మేడ మీద ఉంది. కింద జనం కూర్చోవడానికి కొనుక్కుంటారు, పైన వీళ్లు కూర్చుని తలనొప్పులు కొనుక్కుంటారు. ఉన్నవి మూడు గదులు. వీధి గదిలో గోడకు పెద్ద తెర, దాని పక్కన అత్తగారి ఎత్తున అద్దాల పెట్టెలో నిజం లిఫ్టులా ఎక్కి దిగే బుల్లి లిఫ్టు. నడిమి గదిలో పరీక్షలు నడిపే యంత్రం, దానికంటే గట్టిగా అరిచే ఫ్యాను. వెనక గదిలో వైర్లు, మోటార్లు, ఎవరూ పారేయనివ్వని అట్టపెట్టెలు. యజమాని మరిది. కోడ్ రాస్తాడు, కలలు కంటాడు, చాలాసార్లు రెండూ ఒకే ఫైల్లో చేస్తాడు. అతని అన్న, అంటే వదిన భర్త, ఆ కోడ్‌ను పట్టుకెళ్లి నిజం లిఫ్టుల్లోకి ఎక్కించి వస్తాడు కాబట్టి అందరికీ ఆయన లిఫ్టాయన. లిఫ్టు తలుపు మూసుకుపోకుండా కాలు అడ్డం పెట్టి ల్యాప్‌టాప్‌లో పని చేసుకునీ చేసుకునీ, ఇంట్లో కూడా గడప దగ్గర ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి మాట్లాడే అలవాటు పడిపోయింది ఆయనకు. వస్తున్నాడో వెళుతున్నాడో కట్టుకున్న భార్యకే తెలియదు. ఫోన్ల దగ్గర అత్తగారు. ఇక వదిన ఉద్యోగం, వీళ్లందరూ కట్టినదాన్ని పడగొట్టి చూడటం. టెస్ట్ ఇంజనీరు అని బల్ల మీద బోర్డుంది గానీ దాన్ని ఎవరూ చదవరు. ఆఫీసు మొత్తానికి ఆవిడ వదినే. జీతాల దగ్గర, సెలవుల దగ్గర, తిట్ల దగ్గర కూడా.

సైటు సంగతి కూడా చెప్పాలి. పరీక్షలు నడుస్తున్నప్పుడు కోడ్‌లో ఏ వరుస మీద అడుగు పడింది, ఏ వరుస మీద పడలేదు అని యంత్రం ఒక రిపోర్టు తయారుచేస్తుంది. దాన్ని కవరేజి రిపోర్టు అంటారు. పేరు చూసి మోసపోకండి, అది కవర్ చేయడానికి కాదు, కవర్ విప్పడానికి. కోడ్ మారినప్పుడల్లా ఆ రిపోర్టును ఇంటర్నెట్‌లోని ట్రాకింగ్ సైటుకు అప్‌లోడ్ చేస్తారు. అది నడిచిన వరుసలకు పచ్చ, నడవని వరుసలకు ఎరుపు పూసి, పైన ఇంత పెద్ద అక్షరాలతో శాతం వేసి, నిన్నటికీ ఇవాళ్టికీ గీత గీసి చూపిస్తుంది. వీళ్లు దానికి అద్దం అని ముద్దుపేరు పెట్టుకున్నారు. శాతం పెరిగిన రోజు శాంతం, తగ్గిన రోజు అశాంతం.

మరి గిల్లడం? అది వదిన పద్ధతి. మంచి వార్త వచ్చినప్పుడల్లా ఆవిడ తను రాసిన పరీక్షల్లో ఒకదాన్ని కావాలని పీకేసి, రిపోర్టు మళ్లీ అప్‌లోడ్ చేస్తుంది. అంకె రవ్వంత కిందికి దిగిందా, అద్దం మనల్నే చూస్తోందన్నమాట. పీకిన పరీక్షను తిరిగి పెట్టేసి అప్పుడు సంతోషిస్తుంది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు అత్తగారు "నిన్ను సొంత కూతురిలా చూసుకుంటానమ్మా" అంటే, మర్నాడే కూరలో ఉప్పు రెండింతలు వేసి చూసిందని ఇంట్లో చెప్పుకుంటారు. అత్తగారు ఏమన్నారని మాత్రం ఎవరూ చెప్పరు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు కాబట్టి పరీక్ష పాసయినట్టే.

ఇక కథలోకి.

వదిన గిల్లింది. అన్నిట్లోకీ పెంకిది తలుపుల కోడ్ కాబట్టి అక్కడే గిల్లింది. తలుపు తెరుచుకునే పరీక్షను ఒకదాన్ని తీసేసి అప్‌లోడ్ మీట నొక్కింది. అద్దంలో చిన్న చక్రం తిరిగింది, ఆగింది. తొంభై నాలుగు.

ఒక్క పరీక్షే కదా, చీమ కుట్టినట్టు కూడా లేదేమో అనుకుంది. తలుపు మూసుకునే పరీక్షలన్నీ తీసేసింది. తొంభై నాలుగు. పళ్లు బిగించి, తలుపులకు సంబంధించిన పరీక్షలన్నిటినీ మూటగట్టి పక్కన పెట్టి మళ్లీ నొక్కింది. చక్రం తిరిగింది. వదిన కళ్లు తిరిగాయి. అంకె మాత్రం తిరగలేదు. తొంభై నాలుగు, నవ్వుతూ, పచ్చగా.

గిల్లితే ఏడ్చే పిల్లను ఎత్తుకుని ఊరుకోబెట్టవచ్చు. గిల్లినా ఏడవని పిల్లను చూస్తే ఏ తల్లికైనా గుండె జారుతుంది. వదిన గుండె అలా జారి, మేడ మెట్లు దిగి, సోఫాల దుకాణంలో ఎక్కడో కూలబడింది.

అద్దం అడుగుకంటా వెళ్లి చూసింది. ఎవరూ చూడని చోట, ఎవరికీ కనిపించని బూడిదరంగులో ఒక చిన్న గమనిక ఉంది. కొన్ని ఫైళ్లు రిపోర్టులో చెప్పిన దారిలో దొరకలేదు, అందుకని లెక్కలోకి తీసుకోలేదు అని. ఆ కొన్ని ఏవని నొక్కి చూస్తే అన్నీ తలుపులే. తలుపు తెరవడం, తలుపు మూయడం, తలుపు మధ్యలో మనిషి ఉంటే ఆగడం, సగం తెరిచి ఉండగా కరెంటు పోతే ఏం చేయాలన్నది, అన్నీ. అంటే అద్దానికి ఈ లిఫ్టుకు తలుపులున్నాయన్న తలపే లేదు.

మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, తరగతిలో మొద్దబ్బాయిలంతా పరీక్షరోజున బడి ఎగ్గొట్టారనుకోండి. ఉత్తీర్ణత శాతం రివ్వున లేస్తుంది. హెడ్మాస్టరు దండ వేయించుకుంటాడు. ఒక్కడికీ కొత్తగా చదువు వచ్చింది లేదు, రానివాళ్లు రాలేదంతే.

వదిన లేచేలోపు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అంకె చూసి సంతకం పెట్టాల్సిన ఆసుపత్రి సేఫ్టీ మేడమ్ వచ్చేసింది. మధ్యాహ్నం రావలసిన మనిషి పొద్దున్నే రావడానికి కారణం ఆవిడే చెప్పింది. కొత్త భవనంలో ఇవాళ జనరేటర్ పరీక్ష ఉందట, కాసేపు కరెంటు తీసి వేసి చూస్తారట, ఆ సందడిలో తనకు పనిలేదు కాబట్టి ఈ సంతకం పని చూసుకుపోదామని వచ్చిందట. పొడుగ్గా, సన్నగా, పెన్నులా ఉంది మనిషి. మాట కూడా పెన్నులాగే, మూత తీస్తేనే వస్తుంది. గోడ మీది తెర వైపు చూసి, తొంభై నాలుగా అని తల ఊపింది. అత్తగారు ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, ఈ అంకె వెనక తన చిన్నకొడుకు ఎన్ని పూటలు అన్నం మానేశాడో చెప్పడం మొదలుపెట్టారు. పెద్దవాడు పొద్దున ఫోన్లో ఎంత సంబరపడ్డాడో చెప్పి, ఇంకా ఆలస్యం దేనికమ్మా అన్నాడని కూడా చెప్పారు. ఎవరూ పట్టించుకోలేదు. మనం మాత్రం ఆ మాట జేబులో వేసుకుందాం.

మరిది పెన్ను తీసి మేడమ్ ముందు పెట్టబోతుండగా వదిన అతని మోచేయి పట్టుకుని, యంత్రం ఏదో మొరాయిస్తోందని పైకి చెప్పి, నడిమి గదిలోకి లాక్కుపోయింది. తలుపు వేసింది. ఆ గదికీ వీధి గదికీ మధ్య ఉన్నది గోడ అనుకుంటే గోడ, అట్ట అనుకుంటే అట్ట. అందుకని ఇద్దరూ గుసగుసల్లోనే పోట్లాడుకోవలసి వచ్చింది. ఫ్యాను ఆ గుసగుసల మీద దుమ్ము చల్లుతూ ఉంది.

"తలుపుల ఫోల్డర్ ఏమైంది?" అంది వదిన.

మరిది మొహం విప్పారింది. ఎవరో ఒకరు అడుగుతారని పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నట్టున్నాడు.

"చూశారా వదినా? సర్దాను."

"ఏం సర్దావు?"

అతను చెప్పాడు. ఇక్కడ పాఠకులు కాస్త కుర్చీ గట్టిగా పట్టుకోవాలి. తలుపుల కోడ్ మొదట్లో రాసినప్పుడు బాగా రాలేదు. మళ్లీ రాద్దామని, ఆ ఫోల్డర్‌కు 'తలుపులు పాతవి ముట్టుకోవద్దు' అని పేరు పెట్టారు. తర్వాత కొత్తది రాయడానికి తీరిక దొరకలేదు, దాంతో పాతదాన్నే ముట్టుకుంటూ, రోజూ ముట్టుకుంటూ, ఎక్కువగా దాన్నే ముట్టుకుంటూ పోయారు. ఆ ఆఫీసులో ఎవరైనా ముట్టుకోనిది ఏదైనా ఉందంటే అది 'తలుపులు కొత్తవి' అన్న ఖాళీ ఫోల్డరే. ఇంటివాళ్లకు అలవాటే. బయటివాళ్లు చూస్తే? ఆసుపత్రి మనిషి వచ్చి తెర మీద చూస్తే మన పరువేం కావాలి? చుట్టాలు వస్తున్నారంటే మంచం కింద సామాను సర్దినట్టు, మరిది నిన్న సాయంత్రం ఆ ఫోల్డర్‌కు 'తలుపులు' అని నాజూకైన పేరు పెట్టాడు. పాత పేరుతో వెతికే పరీక్షలు తడబడకుండా, పాత దారిన వెళ్లినా కొత్త చోటికే చేరేలా చిన్న మళ్లింపు కూడా పెట్టాడు. పరీక్షలన్నీ బ్రహ్మాండంగా నడిచాయి.

నడిచాయి. కానీ రిపోర్టులో దారి పాతదే పడింది. అద్దం ఆ పాత దారి పట్టుకుని వెళ్లి చూసింది. అక్కడ ఫోల్డర్ లేదు. మళ్లింపుల గొడవ దానికి తెలియదు. లేని ఇంటికి లెక్కేమిటని తలుపులన్నిటినీ తీసి పక్కన పారేసింది.

వదిన ఇదంతా ముక్కముక్కలుగా చెబుతుంటే మరిది మొహంలో పచ్చ వరుసలన్నీ ఒక్కొక్కటీ ఎర్రబడుతూ వచ్చాయి. యంత్రం ముందు కూలబడి తన కళ్లతో తనే చూసుకున్నాడు.

"అంటే ఇది నేను పెంచింది కాదా" అన్నాడు చివరికి.

ఎన్నో వారాలుగా అతను రోజుకో పరీక్ష, పూటకో పరీక్ష రాస్తూనే ఉన్నాడు. అంకె అర అంగుళం కదిలేది కాదు. ఆ పొద్దున అది ఒక్కసారిగా లేచి నిలబడితే, తన కష్టమే కలిసొచ్చిందనుకున్నాడు పాపం. ఏ మనిషైనా అలాగే అనుకుంటాడు. అంకె తగ్గితే కారణం వెతుకుతాం గానీ పెరిగితే అద్దం ముందు నిలబడి క్రాపు సవరించుకుంటాం.

తర్వాత అతనికి రెండో సంగతి తట్టింది. తల పైకెత్తాడు.

"మీరు నేనే దాచేశాననుకున్నారు కదూ."

"అనుకున్నాను" అంది వదిన. "అర నిమిషం."

"అర నిమిషం చాలా ఎక్కువ వదినా."

వదిన ఈ ఇంటికి వచ్చేనాటికి లెక్కలు రావని ఏడ్చే ఈ మరిదిని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు నేర్పింది తనే. లెక్కలో తప్పు వస్తే కొట్టేసి పక్కనే మళ్లీ చేయమనేది, చెరపనిచ్చేది కాదు.

అవతల గదిలో కుర్చీ కిర్రుమంది. మేడమ్ గొంతు సవరించుకుంది. మరిది ఒక్కసారిగా వదిన చేయి పట్టుకుని, వేడి వేడిగా, గుసగుసగా, ఒక ప్రసంగం చేశాడు. భవనం ఇంకా తెరవలేదు, రోగులు ఇంకా రాలేదు, సంతకం అయ్యాక కూడా చేతిలో బోలెడు వ్యవధి ఉంది, తాను తిండి మాని, నిద్ర మాని, తలుపుల పరీక్షలన్నీ నిజంగా రాసి, అంకెను నిజంగానే తొంభై దాటిస్తాడు, ఈ ఒక్క పూట ఆవిడ ఉన్నది చూసి వెళితే చాలు, మనం అబద్ధం చెప్పడం లేదు, అద్దం చెబుతోంది, మనం ఊరుకుంటున్నాం, అంతే.

అది పనికిమాలిన మాట కాదు. అందుకే ప్రమాదం. అతను అన్నంత పనీ చేయగలడని వదినకు తెలుసు. ఇలాంటి పని ఈ ఆఫీసు గుమ్మంలోకి ఇంకోసారి రాకపోవచ్చనీ తెలుసు. ఆవిడ కూడా మనిషే కాబట్టి ఒక్క క్షణం తూగింది. ఎంతసేపని అడగకండి, కచ్చితంగా అర నిమిషం కంటే తక్కువ.

"ఆవిడ సంతకం పెట్టేది అంకె కింద కాదు బాబూ" అంది. "తలుపు కింద. ఆ తలుపులోంచి రేపు స్ట్రెచర్లు వెళతాయి."

"అయితే మీరే అప్‌లోడ్ చేసేయండి. నేను చూడను."

"నేను చేస్తే నిన్ను పట్టిచ్చినట్టు. నువ్వు చేస్తే మనం చెప్పినట్టు."

ఫ్యాను తిరుగుతోంది. మరిది దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చొక్కా సర్దుకున్నాడు, జుట్టు సర్దుకున్నాడు. ఇంకేమీ సర్దడానికి మిగలక తలుపు తీశాడు.

వీధి గదిలో అత్తగారు ఇంకా చిన్నకొడుకు చిన్నతనంలోనే ఉన్నారు. మరిది తెర పక్కన నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు జేబుల్లోనూ పెట్టుకుని, మేడమ్‌కు సంగతంతా చెప్పేశాడు. ముందు తడబడ్డాడు. మధ్యలో ఫోల్డర్ పేరు దగ్గర చెవులు ఎర్రబడ్డాయి. చివరికి వచ్చేసరికి గొంతు నిలబడింది. నిన్న తాను సర్దాడని, సర్దడం వల్ల తలుపులు లెక్కలోంచి పోయాయని, ఈ తొంభై నాలుగు తలుపు లేని తొంభై నాలుగని చెప్పాడు. ఆ మాటను అతనికి వదిన నేర్పలేదు. అప్పుడే పుట్టింది.

"ఇప్పుడు అసలు రిపోర్టు పంపుతున్నాను" అన్నాడు.

కీబోర్డు దగ్గర కూర్చుని, అప్‌లోడ్ చేసే చోట పాత దారి ఎక్కడ ఉందో అక్కడ కొత్త దారి రాశాడు. ఒక్క వరుస. వదిన పక్కన పెట్టిన పరీక్షల మూట విప్పి యథాస్థానంలో పెట్టింది. మరిది మీట మీద వేలు ఆనించి వదిన వైపు చూశాడు. ఆవిడ తల ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు. అతనే నొక్కాడు.

చక్రం తిరగడం మొదలైంది. అది తిరుగుతున్నంతసేపూ గదిలో ఒక్కరూ కదల్లేదు. కింది దుకాణంలో ఎవరో సోఫా మీద ఎగిరి చూస్తున్నట్టు స్ప్రింగు చప్పుడు వస్తోంది. చక్రం ఆగింది. తొంభై నాలుగు మాయమై, దాని కుర్చీలో డెబ్బై ఒకటి వచ్చి కూర్చుంది. గీత కొండ మీంచి కాలుజారినట్టు కిందికి పడింది.

"తగ్గిందేమిట్రా?" అన్నారు అత్తగారు. "నేను మీ పిన్నికి కూడా చెప్పేశానే."

మేడమ్ పెన్నుకు మూత పెట్టింది. అయిపోయింది అనుకున్నాడు మరిది. కానీ ఆవిడ లేవలేదు. కుర్చీని తెరకు దగ్గరగా జరుపుకుని, చేతులు కట్టుకుంది.

"ఎర్రవి చూపించండి" అంది.

చూడండి మరి, ఆ క్షణం నుంచి గదిలో గాలి మారిపోయింది. అప్పటిదాకా అందరూ అంకెను చూస్తున్నారు. ఇప్పుడు మొదటిసారి కోడ్‌ను చూస్తున్నారు. వదిన ఫైళ్లు తెరుస్తూ పోయింది. తలుపు మామూలుగా తెరుచుకోవడం పచ్చ. మామూలుగా మూసుకోవడం పచ్చ. మనిషి అడ్డం వస్తే ఆగడం పచ్చ. ఆ తర్వాత ఒకచోట, ఎవరో కుంకుడురసం కళ్లలో పోసినట్టు, పై నుంచి కింది దాకా ఎరుపే ఎరుపు. తలుపు సగం తెరిచి ఉండగా కరెంటు పోయి, మళ్లీ వస్తే ఏం చేయాలన్న భాగం అది. ఒక్క వరుస మీద కూడా ఎప్పుడూ అడుగు పడలేదు.

ఇది నడిస్తే ఏమవుతుందని మేడమ్ అడిగింది. వదిన నిజమే చెప్పింది, ఎవరికీ తెలియదని. ఎందుకు తెలియదని మేడమ్ అడగలేదు. గది మూలన ఉన్న అద్దాల పెట్టె వైపు చూసింది.

"అది పనిచేస్తుందా?"

పనిచేస్తుంది. మరిది ఒక్క గెంతులో బుల్లి లిఫ్టు దగ్గరికి చేరాడు. చాలాకాలంగా చీకట్లో ఉన్న గదిలో మొదటిసారి దీపం వేయబోతున్న మనిషి ఆత్రం అది. వదిన కొత్త కోడ్‌ను బుల్లి లిఫ్టులోకి ఎక్కించింది. లిఫ్టులో ప్రయాణికుడు ఉండాలి కదా అని మేడమ్ అంది. అందరూ చుట్టూ వెతుకుతుంటే అత్తగారు తన కళ్లజోడు పెట్టె తీసి ఇచ్చారు. గట్టిది, ఎన్నిసార్లు కిందపడినా ఏమీ కాలేదని హామీ కూడా ఇచ్చారు. పై అంతస్తులో లిఫ్టు తలుపులు తెరిచి, దాన్ని గుమ్మంలో, సగం లోపలికి, సగం బయటికి ఉండేలా నిలబెట్టారు.

తలుపులు మూసుకోవడం మొదలుపెట్టాయి. సగంలో ఉండగా మరిది ప్లగ్గు పీకేశాడు.

బుల్లి లిఫ్టు చచ్చినట్టు ఆగిపోయింది. అంతవరకు బాగానే ఉంది. మరిది ప్లగ్గు మళ్లీ పెట్టాడు. చిన్న దీపం వెలిగింది. నిద్రలేచిన లిఫ్టుకు తాను ఎక్కడున్నదీ గుర్తురాలేదు. గుర్తులేనప్పుడు కింది అంతస్తుకు వెళ్లి నిలబడమని కోడ్ చెబుతోంది. తలుపు సంగతేమిటని ఒక్కసారి తడిమి చూసుకోమని మాత్రం ఏ వరుసా చెప్పలేదు. తలుపులు అలా సగం తెరుచుకునే ఉన్నాయి. లిఫ్టు మెల్లగా, హుందాగా, పనిమీద వెళుతున్న పెద్దమనిషిలా కిందికి దిగింది.

కళ్లజోడు పెట్టె గడపకూ లిఫ్టు కప్పుకూ మధ్య ఇరుక్కుంది. ఒక క్షణం నిలబడింది. తర్వాత ఫట్‌మని రెండు ముక్కలైంది. ఒక ముక్క లోపల, ఒక ముక్క బయట.

అత్తగారు ముక్కు మీది కళ్లజోడును తడిమి చూసుకున్నారు. మేడమ్ జేబులోంచి చిన్న కాగితం తీసి ఏదో రాసుకుంది. రాస్తున్న చేయి ఠక్కున ఆగింది.

"మా భవనంలో ఇవాళ కరెంటు తీసేది ఈ వేళకే" అంది.

మరిది నుదురు తుడుచుకుంటూ, కంగారు లేదన్నాడు. ఈ కోడ్ ఈ అద్దాల పెట్టె దాటి ఎక్కడికీ పోలేదని, అన్నయ్య పొద్దుటి నుంచి ఆ భవనంలోనే ఉన్నా మేడమ్ సంతకం పడితేగానీ అక్కడ దేన్నీ ఎక్కించడని, అది తమ ఒప్పందమని చెప్పాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు.

"ఎవరు, మీ అన్నయ్యా?" అన్నారు అత్తగారు, విరిగిన ముక్కలు రెంటినీ అతికించి చూస్తూ. "వాడి ఫోన్‌కు పొద్దున్నే పచ్చ టిక్కు వచ్చిందటగా. సంతకం వచ్చేదే కదా, ఈలోపు నేను పని కానిచ్చేస్తానన్నాడు."

పొద్దున మనం జేబులో వేసుకున్న మాట ఇదే.

తొంభై దాటితే అద్దం, ఇక ఎక్కించవచ్చని, బయట ఉన్న లిఫ్టాయన ఫోన్‌కు పచ్చ టిక్కు పంపుతుంది. ఇంతవరకు ఎప్పుడూ దాటలేదు కాబట్టి ఆ సంగతి అందరూ మరిచిపోయారు. తలుపు లేని తొంభై నాలుగు, తలుపు తట్టకుండానే లిఫ్టాయన ఫోన్‌లోకి వెళ్లిపోయింది.

వదిన ఫోన్ అందుకుంది. అదే క్షణంలో మేడమ్ కూడా తన ఫోన్ తీసి జనరేటర్ గదికి చేసింది. రెండు ఫోన్లూ మోగుతున్నాయి. మరిది ఒక ఫోన్ వైపు, ఇంకో ఫోన్ వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

ముందు లిఫ్టాయనే ఎత్తాడు. ఆయన గొంతు వెనకాల లిఫ్టు ఫ్యాను హాయిగా గుయ్‌మంటోంది.

"ఏమోయ్, తొంభై నాలుగట కదా. చూస్తూ కూర్చోలేక ఎక్కించేశాను. తలుపులు ఎంత మెత్తగా కదులుతున్నాయో నువ్వు వచ్చి చూడాలి."

"మీరు ఎక్కడ నిలబడ్డారు?" అంది వదిన.

"ఎక్కడేమిటి, నాలుగో అంతస్తు. లిఫ్టు గుమ్మంలో. ఎప్పటిలాగే, ఒక కాలు లోపల, ఒక కాలు బయట."

వదిన చూపు అత్తగారి చేతుల్లోని రెండు ముక్కల మీద పడింది. పక్కన మేడమ్ తన ఫోన్‌ను చెవి నుంచి తీసి, ఎత్తడం లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, మళ్లీ చేసింది.

"రెండు కాళ్లూ ఒకే పక్కన పెట్టండి. ఇప్పుడే."

"ఏ పక్కన?" అన్నాడాయన నవ్వుతూ. కాళ్లు ఒకే పక్కన పెట్టమన్నది ఇన్నేళ్లుగా ఇంట్లో ఆవిడ ఆయనతో అంటున్న మాటే.

వదిన నోరు తెరిచింది. ఫోన్‌లో లిఫ్టు ఫ్యాను చప్పుడు ఆగిపోయింది.